డొంక మలుపు దాకా

పుల్లగుంటపల్లె,
11 జూన్ 2025

శివకృష్ణకు,

నీ ఇంటి వసారాలో, నీ కుర్చీలోనే కూర్చుని అక్క ఓబులమ్మ రాస్తున్నది. మేమంతా బాగున్నాం. నువ్వు బాగున్నావని అబద్ధమైనా సరే రాయి. పోయిన వారం జైలు ఫోన్లో ఇచ్చిన అయిదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు నువ్వు ఏడ్చావు, మిగిలిన నిమిషం నేను ఏడ్చాను. ఆ భాగ్యానికి ఫోనెందుకురా? అందుకే కాగితం పట్టాను. కాగితం మీద ఏడిస్తే అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి మనిషి కాస్త అదుపులో ఉంటాడు.

నువ్వు పోయినప్పటి నుంచి మా ఇంటికి తాళం వేసి మేం ఇక్కడే ఉంటున్నాం కదా. ఊరి చివరి ఇల్లు, మనిషి అలికిడి లేకపోతే కంపచెట్లు గడప దాకా వస్తాయి. మొన్న వాన పడ్డాక మీ బావ చేను దున్నించాడు. కంది వేయాలా, ఆముదం వేయాలా అని ఇంకా గింజుకుంటున్నాడు. ఆ మనిషి గింజుకోకుండా చేసిన పని నన్ను పెళ్లి చేసుకోవడం ఒక్కటే. నీ మేనకోడలు గోపిక మార్కాపురంలో నర్సు చదువు మూడో ఏడుకు వచ్చింది. ఇంటికొస్తే చాలు, బీపీ చూస్తానని నా చేయి పట్టుకుని వదలదు.

ఇక అసలు మాట. ఈ ఇంటికి బయట లైట్లు పెట్టాలి. ఒక్క బల్బు కాదు. పిట్టగోడ కింద డొంక వైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక వరస. అక్కడి నుంచి డొంక మలుపు దాకా ఇంకొక వరస. పండగకు కట్టి మర్నాడు విప్పేసేవి కాదు, ఎప్పటికీ ఉండేవి. ఎండకూ వానకూ తట్టుకోవాలి. చీకటి పడగానే వాటంతట అవే వెలగాలి. ఈ ఇంట్లో కరెంటు పని అంటే ఏ పనివాడూ రాడు, అది నీకు నేను చెప్పక్కర్లేదు. నేనే కడతాను. నువ్వు కాగితం మీద చెప్పు.

ఎందుకని అడగొద్దు. కొన్ని మాటలు రాయొద్దని నువ్వే నా చేత ఒట్టు పెట్టించుకున్నావు. ఆ ఒట్టు మీదనే ఉన్నాను.

అక్కడ మజ్జిగ పోస్తున్నారా? వేసవిలో నీకు కడుపులో మంట. అడిగి పోయించుకో, సిగ్గుపడొద్దు.

నీ అక్క,
ఓబులమ్మ


22 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. నేను బాగున్నాను. అబద్ధమైనా రాయమన్నావు కదా, రాశాను.

డొంక మలుపు దాకా తీగ లాగుతానని ఏ ధైర్యంతో రాశావక్కా? ఆ మాట చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. పక్కన పడుకునే పెద్దాయన ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదు, పోయినవాడు నాలుగేండ్ల కిందటే పోయాడని చెప్పాను.

నువ్వు మర్చిపోయావేమో, నేను మళ్ళీ రాస్తాను. కంది చేనుకు పందులు పడుతున్నాయని మోటారు లైనుకు కొక్కెం వేసి చేని చుట్టూ తీగ లాగింది నేను. ఊళ్ళో సగం ఇళ్ళకు ఫ్యాన్లు బిగించిన చేయి, ఎవరింట్లోనూ చిన్న షాకు కొట్టనివ్వని చేయి. పొద్దు గూకాక వేసి, తెల్లారేలోపు తీసేస్తాను, ఎవరొస్తారులే అనుకున్నాను. నరసింహులన్న తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ మసక చీకట్లో ఆ మలుపులో దిగాడు. గొర్రె తరవాత దానంతట అదే దొడ్డికి వచ్చింది. ఆయన రాలేదు. జడ్జి గారు అయిదేండ్లన్నారు. నాకైతే అది తక్కువనిపించింది.

ఎందుకని అడగొద్దన్నావు. అడక్కుండా ఎట్లా? పందులకయితే వద్దే వద్దు. చేను మొత్తం తినిపోనీ. పందులకు కాకపోతే ఇంకొకటే ఉంది. మన వైపు ఇంటికి వరస లైట్లు కట్టారంటే అది పెళ్లిల్లు. గోపికకు సంబంధం కుదిరిందా? కుదిరితే సంతోషమే. సప్లయర్స్ వాళ్ళను పిలిస్తే రెండు రోజులకు కట్టి తీసుకుపోతారు. నన్నెందుకు అడగడం? జైల్లో ఉన్నవాణ్ణి పెళ్లి పనిలో కలుపుకున్నట్టు ఉంటుందనా?

నా మాట పట్టుకుని ఇంకొక తీగ ఆ డొంకలోకి పోదు. నేను చెప్పను.

శివకృష్ణ


పుల్లగుంటపల్లె,
1 జూలై 2025

ఒరే మొండోడా,

పెళ్లీ లేదు, పందులూ లేవు. ఉంటే నీకు చెప్పకుండా ఎవరికి చెప్తానురా? అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేండ్లు. నా పెళ్లి బట్టల మూటలో నీ నిక్కర్లు కూడా పెట్టుకుని అత్తగారింటికి పోయినదాన్ని. నిన్ను దాచిపెట్టి పెళ్లి చేస్తానా?

అయినా ఊరు ఊరంతా నీలాగే ఉంది. టేపు పట్టుకుని ఇంటి ముందు కొలుస్తుంటే వెంకటలక్ష్మమ్మత్త బిందె దించి నిలబడింది. "ఏందమ్మా ఓబులమ్మా, లైట్లకేనా? ముహూర్తం ఎప్పుడు?" అని అడిగింది. ఆ ముసలమ్మకు ఒకటి చెప్తే పది అల్లుతుంది. నేను నవ్వి ఊరుకున్నాను. "భోజనానికి పిలుస్తాలే అత్తా, తొందరపడొద్దు" అన్నాను. మొహం చేటంత చేసుకుని పోయింది.

ఇంటి ముందు పొడవు నలభై నాలుగు అడుగులు. అక్కడి నుంచి మలుపు దాకా ఇంకొక అరవై. చేని గట్టున రాతి కూసాలు ఉన్నాయి కదా, నువ్వు పాతినవే, వాటికే కడతాను. గిద్దలూరులో తిమోతి అంగట్లో అడిగాను. "దీనికి అంత ఆలోచనేందక్కా, లైట్ల రోల్ కొనుక్కొని పో, ప్లగ్గు పెట్టు, వెలుగుతాది" అన్నాడు. నువ్వు చెప్పకపోయినా నేను కడతాను. తెలిసినవాడు చెప్పగా కట్టడం మంచిదా, అమ్ముకునేవాడు చెప్పగా కట్టడం మంచిదా, నువ్వే తేల్చుకో.

పదిహేను రోజులు చూస్తాను. అంతకు మించి ఆగలేను, ఆగకూడని పని. ఇంతకన్నా చెప్పలేను.

అక్క


10 జూలై 2025

అక్కా,

నీ మొండితనం ముందు నాదెంత. చెప్తాను. ఒక్కొక్క మాట రెండుసార్లు చదువు. కాగితం వెనక బొమ్మ కూడా గీశాను.

తిమోతి ఇచ్చే రోల్ ముట్టుకోవద్దు. అది నేరుగా ఇంటి కరెంటుతో వెలిగేది. రెండొందల ముప్ఫై వోల్టులు పిట్టగోడ మీద, కూసాల మీద పారుతుంటాయి. ఎండకు పైపూత పగిలినా, వానకు జాయింట్ తడిసినా, పట్టుకున్న మనిషి మిగలడు. నీకు కావలసింది పన్నెండు వోల్టుల లైట్ల పట్టీ, స్ట్రిప్ అంటారు. దానికి అడాప్టర్ వస్తుంది. దాన్ని వసారాలో లోపలి గోడకు బిగించు. ఇంటి కరెంటు అక్కడితో ఆగిపోవాలి. గడప దాటి బయటికి పోయేది పన్నెండే. తడి చేత్తో రాగిని పట్టుకున్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

స్ట్రిప్‌ను ఒక కొస నుంచి ఇస్తే రెండో కొస మసకబారుతుంది. అందుకని నడిమి నుంచి రెండు వైపులకూ ఇవ్వు. అల్యూమినియం చానల్ కొని, మేకులు కాదు, స్క్రూలతో బిగించి, అందులో స్ట్రిప్ పెట్టు. మలుపు దాకా స్ట్రిప్ వద్దు. లావు తీగ లాగి, కూసానికొక చిన్న పన్నెండు వోల్టుల లైటు పెట్టు. చీకటి పడితే వేసే సెన్సర్ దొరుకుతుంది. అడాప్టర్‌కు ముందు, షాకు కొట్టే లోపల దానంతట అదే పడిపోయే స్విచ్చు ఒకటి పెట్టు. ఖర్చని చూడొద్దు. అది నాకు ఆ రోజు లేదు.

ఇంక పెళ్లి. "భోజనానికి పిలుస్తా" అని వెంకటలక్ష్మమ్మత్తతో అన్నావు, నాతో మాత్రం లేదంటావు. పదిహేను రోజులకు మించి ఆగనంటావు. ముహూర్తం కాకపోతే ఏంది మరి? నేనేమీ అనుకోను. ఒక్కటే అడుగుతాను. గోపికను బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి ఎత్తుకొచ్చేది మేనమామ. ఆ బుట్ట ఎవరు ఎత్తుతున్నారు? ఎవరయినా సరే, పిల్ల బరువు, ఇద్దరిని పట్టుకోమను.

నీ తమ్ముడు


పుల్లగుంటపల్లె,
27 జూలై 2025

శివకృష్ణకు,

నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. పోస్టుమ్యాన్ సామ్యేలు సైకిల్ కనబడితే చాలు, గేటు దాకా ఉరుకుతున్నాను. "అక్కా, వస్తే నేనే కేకేస్తా గదా, అట్ల పరుగులు పెట్టొద్దు" అంటాడు. చెప్పనన్న మాట మీదే ఉన్నావని అర్థమైంది. సరే. ఇరవై రోజుల పైనే చూశాను. తిమోతి దగ్గరికి పోయి రోల్ తెచ్చాను. మీ బావ నిచ్చెన పట్టుకున్నాడు, మిగతాదంతా నేనే. పిట్టగోడ కింద క్లిప్పులు కొట్టి, కూసాల వెంట మలుపు దాకా లాగి, రెండు చోట్ల చాలకపోతే అతికించి టేపు చుట్టాను. ప్లగ్గు పెట్టేసరికి డొంకంతా పట్టపగలయింది. ఇవాళ్టికి నాలుగు సాయంత్రాలు వెలిగాయి.

ఇప్పుడు నా ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆ ఇంటి మాట రాయొద్దన్నావు, ఆమె పేరు కాగితం మీద కనబడితే నీకు నిద్ర పట్టదన్నావు. పట్టకపోనీ. ఈ లైట్లు సుబ్బులు కోసం.

మొగుడు నరసింహులు పోయిన రోజు నుంచి సుబ్బులు ఈ డొంకలో అడుగు పెట్టలేదు. ఆమె ఇల్లు ఊళ్ళో, దొడ్డి డొంక అవతల. రోజూ పొద్దు గూకాక గొర్రెల దగ్గరికి పోవాలి కదా. రెండొందల అడుగుల డొంక వదిలేసి, వాన నీళ్ళు పారే వంకలో దిగి, కంపలో పడి చుట్టూ తిరిగి పోతుంది. మే నెలలో ఆ వంకలో జారి పడింది. మోకాలి కింద చీరుకుపోయి ఎముక కనబడిందట. గోపిక కట్టు కట్టబోతే, "మీ ఇంటి చేయి నాకొద్దు" అని వెనక్కి తిప్పి పంపింది. ఆ కాలితోనే మళ్ళీ వంకలోనే నడుస్తున్నది. పాములు తిరిగే కాలం. ఆమె కూతురు ఉషారాణి ఒంగోలులో హాస్టల్లో ఉంది. సుబ్బులుకు ఏదైనా అయితే ఆ పిల్లకు ఎవరురా? ఒక మనిషిని మనం చంపాం. ఇంకొక మనిషి మన వల్లనే చస్తుంటే నేను వసారాలో కూర్చుని చూడలేను.

పంచాయతీ లైటు వేయమని మూడుసార్లు అడిగాను. స్తంభం ఉంది, లైటు లేదు. అందుకని ఇట్లా ఆలోచించాను. డొంక వెలుగుగా ఉంటే ఆమె భయం పోతుంది, నడుస్తుంది. ఇప్పటికయితే ఇంకా వంక దారినే పోతున్నది. అలవాటు పడాలి కదా. లైట్లే పిలుచుకొస్తాయి, నేను పోయి చెప్పేదేముంది?

నీ మీద కోపంగా ఉంది. అయినా అన్నం తిను.

ఓబులమ్మ


3 ఆగస్టు 2025

అక్కా,

ఈ ఉత్తరం ఇక్కడే ఆపు. లేచి పోయి ప్లగ్గు పీకు. పీకిన తరవాత వచ్చి మిగతాది చదువు.

పీకావా?

నేను పదో తేదీనే రాశాను. అంతా రాశాను. వెనక తీగల బొమ్మ గీశాను కదా, మా ఉత్తరాలు చదివే సారు దాన్ని పట్టుకుని ఇదేం మ్యాపు అని ఆపాడు. నా కేసేమిటో ఆయనకు తెలుసు. నన్ను పిలవడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. "నువ్వు మళ్ళీ తీగలా?" అన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను. చంపడానికి కాదు సార్, చావకుండా ఉండడానికి గీశానని చెప్పాను. చదివి, చదివి, పంపిస్తానన్నాడు. అది ఇంకా దారిలోనే ఉందేమో.

నువ్వు ఫోనెందుకన్నప్పటి నుంచి నేను ఫోన్ ముట్టలేదు. నీ ఉత్తరం అందగానే ఈ వారం ఇచ్చిన ఫోన్ నీకే చేశాను. మూడుసార్లు మోగి ఆగిపోయింది. చేనిలో ఉన్నావేమో, ఫోన్ మంచం మీద పెట్టావేమో. నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు తిట్టారు. నేను రిసీవర్ పట్టుకుని అట్లే నిలబడ్డాను.

టేపు చుట్టిన జాయింట్లు, రాతి కూసాలు, వానలు. అదే చేను, అదే గట్టు, అదే మలుపు, మళ్ళీ రెండొందల ముప్ఫై. నిచ్చెన వేయొద్దు, నీళ్ళు పోయొద్దు, మెయిన్ ఆపాకే ముట్టుకో. అంతా పీకి తిమోతి మొహాన కొట్టు. అక్కా, నీ కాళ్ళకు మొక్కుతాను. ఎవరు పోయినా నేను ఇంక బతకను. అందులో ఆమె పోతే...

పెళ్లనుకుని నిన్ను అనరాని మాటలన్నాను. చెప్పుతో కొట్టు. కానీ ఒకటి ఆలోచించు. నీ తోడబుట్టినవాణ్ణి, నువ్వు లేదని రాసినా, నేనే పెళ్లనుకున్నాను. నువ్వు వెంకటలక్ష్మమ్మత్త ముందు నవ్వి ఊరుకున్నావు. ఆ నవ్వు ఈపాటికి ఎన్ని ఇళ్ళు తిరిగి ఉంటుంది? ఆ ఇంటికి పోయి ఉండదా? లైట్లు వాటంతట అవే చెప్పవక్కా. నువ్వు పోయి చెప్పు. తిడితే తిట్టించుకో. పో.

శివకృష్ణ


పుల్లగుంటపల్లె,
24 ఆగస్టు 2025

నాయనా శివకృష్ణా,

ముందు ఒక మాట చెప్పి మిగతాది రాస్తాను. అందరూ బతికే ఉన్నారు. ఇది చదివి ఊపిరి పీల్చుకుని కింది వరస చదువు.

నీ రెండు ఉత్తరాలూ ఒక్క రోజే వచ్చాయి, తొమ్మిదో తేదీన. సామ్యేలు రెండూ కలిపి చేతిలో పెట్టాడు. పైన ఉన్నది విప్పాను, "ఇక్కడే ఆపు" అని ఉంది. కాగితం కింద పడేసి పరుగెత్తి ప్లగ్గు పీకాను. ఆ సాయంత్రమే మీ బావా నేనూ రోల్ మొత్తం విప్పాం. మలుపు దగ్గర నేను చుట్టిన టేపు వానకు జారి, లోపల రాగి మెరుస్తున్నది. దాని కింద గట్టు మీద ఒక తొండ చచ్చి ఉంది. నేను అక్కడే కూర్చుండిపోయాను. మీ బావ ఆ తొండను కర్రతో ఎత్తి గట్టు అవతల మట్టిలో పూడ్చాడు.

మర్నాడు నీ బొమ్మ పట్టుకుని గిద్దలూరు పోయాను. తిమోతి సణిగాడు. "పన్నెండు వోల్టులు ఎవరూ అడగరక్కా, ఒంగోలు నుంచి తెప్పించాల" అన్నాడు. తెప్పించే దాకా అంగడి ముందు నుంచి లేవనన్నాను. నాలుగో రోజుకు వచ్చాయి. గోపిక ఆదివారం నాడు వచ్చి కాగితం చదువుతుంటే నేను బిగించాను. చానల్, స్క్రూలు, నడిమి నుంచి రెండు వైపులకూ, అంతా నువ్వు చెప్పినట్టే. పడిపోయే స్విచ్చు కూడా పెట్టాను. పదిహేడో తేదీ సాయంత్రం మబ్బు మూసేసరికి వాటంతట అవే వెలిగాయి. అడాప్టర్ కాడ చేయి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది, అంతే.

సుబ్బులు దగ్గరికి మాత్రం పోలేదు. పొమ్మని నువ్వు రాశావు. రేపు పోతాను, ఎల్లుండి పోతాను అనుకున్నాను. మొహం చెల్లలేదురా. అన్ని ఎత్తు పనులకూ నిచ్చెన ఎక్కినదాన్ని, ఆ గడప ఎక్కలేకపోయాను.

పంతొమ్మిదో తేదీ. అప్పుడే వాన వెలిసింది. వసారాలో బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి మలుపు దగ్గరి మూడు లైట్లు ఆరిపోయాయి. ఇంటి మీదివి వెలుగుతూనే ఉన్నాయి. జాయింట్ ఊడిందేమోనని టార్చి తీసుకుని పోయాను. రెండో కూసానికి ఆనుకుని, బురదలో, చెప్పుల్లేకుండా సుబ్బులు నిలబడి ఉంది. తీగ లాగి తెంచింది. తెగిన రెండు కొసల రాగి ఒక్కో చేతిలో ఒకటి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

టార్చి వెలుగు ఆమె మొహం మీద పడింది. ఆమే కళ్ళు తెరిచింది.

"ఏంది ఓబులమ్మా, మీ తీగ చంపదే?" అంది.

శివకృష్ణా, ఆ మాట ఆమె కోపంగా అనలేదు. దుకాణంలో సరుకు బాగలేదని అడిగినట్టు అడిగింది. "ఆయన్ను చంపేదానికి చిటికెంత సేపు పట్టలేదంట గదా. నేను వచ్చి ఎంతసేపాయె. పట్టుకునే ఉండా. ఏమీ కాలా" అంది.

ఆమె చేతుల్లోంచి కొసలు లాగేశాను. ఆమె కాళ్ళ దగ్గర బురదలో పడిపోయాను. ఆమె నన్ను లేపలేదు, తొయ్యలేదు.

"గోపిక పెండ్లి ఎప్పుడు?" అని అడిగింది. "వెంకటలక్ష్మమ్మ చెప్పినాది. మా ఇంటి దీపం ఆర్పి, ఇంత తొందరగా మీ ఇంటికి లైట్లు కట్టుకుంటిరా? దొడ్డి కాడ కూర్చుంటే మీ ఇల్లే కనపడతాది. నాలుగేండ్లు చీకట్లో కనపడకుండా ఉండె. ఇప్పుడు కండ్లు మూసుకున్నా కనపడతా ఉంది."

పెళ్లి లేదని చెప్పాను. ఆమె కోసమే కట్టానని చెప్పాను. వంకలో పడింది కదా, చీకట్లో భయపడి డొంకలో రావడం లేదు కదా అని చెప్పాను. సుబ్బులు నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"నేను చీకటికి భయపడి వంక దారిన పోలేదు ఓబులమ్మా," అంది. "మీ ఇల్లు చూడలేక ఆ దారిన పోయినా."

అదిరా సంగతి. నాలుగేండ్లు ఎదురుగా ఉండి కూడా నాకు ఆ ఒక్క ముక్క తెలియలేదు. అడిగి ఉంటే తెలిసేది. అడగకుండా, ఆమె చూడలేని ఇంటిని, నలభై నాలుగు అడుగుల పొడవునా వెలిగించి ఆమె కళ్ళ ముందు పెట్టాను. మంచి చేస్తున్నానని మురిసిపోతూ చావు దాకా తోశాను. తప్పు నీది, నాది కాదు అని ఇన్నాళ్ళూ నిన్ను లోపల్లోపల తిట్టుకున్నదాన్ని. ఇప్పుడు నీకూ నాకూ తేడా పన్నెండు వోల్టులే.

తరవాత తీగను వేలితో చూపించి అడిగింది, "ఇది ఇట్ల చంపకుండా కట్టమని నీకెవరు చెప్పినారు?"

"తమ్ముడు. జైల్లోంచి రాసినాడు" అన్నాను.

"వాడా" అంది. కొంగు పట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఇంతకు ముందు నన్ను పక్కన కూర్చోనిచ్చేది కాదు.

ఆ రోజు ఆమె ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు గోపికకు ఫోన్ చేస్తే, ఒక్క పూట కూడా ఒంటరిగా వదలొద్దని, వాళ్ళ ఆస్పత్రి డాక్టరమ్మకు చూపించాలని చెప్పింది. ఉషారాణిని పిలిపించాను. ముగ్గురం మార్కాపురం పోయి చూపించి వచ్చాం. మందులు ఇచ్చారు. మళ్ళీ రమ్మన్నారు. ఉషారాణి నెల రోజులు ఇక్కడే ఉంటుంది. ఆ పిల్లకు అంతా చెప్పాను. విని, నా మొహం మీద తలుపు వేసింది. అరగంటకు తీసి, "టీ తాగుతావా అత్తా" అంది.

నిన్న సుబ్బులు నన్ను పిలిచి రెండు మాటలు చెప్పింది. నేను నా మాట కలపకుండా రాస్తున్నాను.

"ఇంటి మీద లైట్లు తీసెయ్. ఆ ఇల్లు నాకు కనపడొద్దు. మలుపు కాడివి ఉంచు. ఆయన పడిన తావు చీకటిగా ఉండొద్దు. నేను డొంకలో వస్తానో రానో, అది నా ఇష్టం.

మీ తమ్ముడికి రాసేటప్పుడు, నేను క్షమించినానని మాత్రం రాయొద్దు. క్షమించలా. తీగ బాగా కట్టించినాడని రాయి."

రాశాను.

ఇంటి మీదివి నిన్ననే ఆపేశాను. కానీ ఆపితే మలుపుకు పోయే తీగకు కూడా కరెంటు ఆగిపోతున్నది. ఆమె తెంచిన జాయింట్ కూడా అట్లే వేలాడుతున్నది. ఏం చేయాలో చెప్పు. ఈసారి బొమ్మ గీయొద్దు, మాటల్లోనే రాయి.

అక్క


2 సెప్టెంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం మూడు రోజులు చదివాను. ఉత్తరాలు చదివే సారు ఈసారి కవరు నా చేతికి తనే తెచ్చి ఇచ్చాడు. ఆయన కూడా చదివాడు కదా. భుజం మీద చేయి వేసి పోయాడు.

నీకూ నాకూ తేడా పన్నెండు వోల్టులే అని రాయొద్దు. నువ్వు మనిషి కోసం లాగావు, నేను చేను కోసం లాగాను. ఆ తేడా ఉండనీ.

పని చెప్తాను. మెయిన్ ఆపు. నడిమి నుంచి ఇంటి స్ట్రిప్‌కు పోయే రెండు తీగలు విప్పి, ఒక్కొక్క కొసకు విడివిడిగా టేపు చుట్టు. అడాప్టర్ నుంచి వచ్చే తీగను నేరుగా మలుపుకు పోయే లావు తీగకు కలుపు. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. తెగిన జాయింట్‌ను పాత చోట అతకొద్దు. రెండు వైపులా అంగుళం కోసేసి, కొత్త రాగి బయటికి తీసి కలుపు. టేపు ఒక్కటే ఎండకు నిలవదు. వేడి చేస్తే బిగుసుకునే గొట్టం అంగట్లో దొరుకుతుంది, అది తొడుగు. పిట్టగోడ కింద చానల్ కూడా పీకెయ్, ఖాళీగా ఉన్నా పగలు మెరుస్తుంది.

నేను వచ్చినా ఆ ఇంటి ముందు లైటు వేయను. పెరోల్ కాగితం మీద సంతకం పెట్టమంటే ఇన్నాళ్ళూ వద్దన్నాను. ఇప్పుడు కూడా వద్దు. శిక్ష అయిపోయాక వస్తాను. వచ్చేటప్పుడు వంక దారిన వస్తాను, డొంకలో రాను.

మలుపులో మూడు లైట్లలో ఒకటి ఎప్పుడో మాడుతుంది. మాడిన రోజే మార్చాలి, మర్నాటికి ఉంచొద్దు. కానీ నీ అంతట నువ్వు పోయి మార్చొద్దు. ముందు సుబ్బులొదినను అడుగు. అడిగి మార్చు.

శివకృష్ణ